తెర మీది గుండె

"ఇక్కడ గుండెను చూపిస్తారట కదమ్మా?"

లెక్చరరు విసుగ్గా తలెత్తింది. పొద్దుట్నుంచి పేపర్లు దిద్ది దిద్ది కళ్ళు మండుతున్నాయి. రేపటి క్లాసుకి ఇంకా ఏదీ సిద్ధం కాలేదు.

గుమ్మంలో నడివయసు ఆవిడ, చేతిలో తడిసిన గొడుగు.

"పెద్దసారు పంపారు. మొత్తం చూపిస్తారన్నారు."

పెద్దసారుకిది మామూలే. దారిన పోయేవాళ్ళనందరినీ ల్యాబ్‌కి పంపిస్తాడు, చాకిరీ మాత్రం తనది.

"కూర్చోండి."

కంప్యూటరు తెర మీద గుండె ఎర్రగా, నీలంగా కొట్టుకుంటోంది.

"ఇది నిజం గుండేనా?"

"నిజం మనిషి స్కాన్ల నుంచి కట్టిందండీ. ముందుముందు ఏమవుతుందో కంప్యూటరు లెక్కగట్టి చూపిస్తుంది. ఎవరిదో మాకు చెప్పరు. అందుకే ముద్దుపేర్లు పెట్టుకుంటాం. దీని పేరు మొండిది."

ఆవిడ నవ్వింది. "ఎందుకలా?"

"ఏ మందుకీ లొంగదు. చూడండి."

లెక్చరరు మీట నొక్కింది. గుండె తడబడింది, వణికింది, ఆగిపోయింది.

ఆవిడ చాలాసేపు తెరవైపే చూసింది.

"మరి ఆపరేషన్ చేస్తే?"

అదీ ఉంది, వేరే ఫైల్లో. తెరిస్తే పూర్తయ్యేసరికి గంట పడుతుంది. ఆ గంట తలుచుకుంటేనే లెక్చరరుకి నీరసం ముంచుకొచ్చింది.

"ఇలాంటివాటికి ఏం చేసినా ఒకటేనండీ," అనేసింది.

"ఇందాకటిది ఇంకోసారి నడుపుతావా అమ్మా? ఆగిపోయే ముందు వరకే."

"క్లాసు పనుందండీ. ఇంకో రోజు రండి."

"అయ్యో, నీ పని చెడగొట్టాను. ఇంతకీ ఏమైనా తిన్నావా?"

జవాబు కోసం చూడకుండా, తలుపు చప్పుడవకుండా వేసి వెళ్ళింది ఆవిడ. అమ్మయ్య అనుకుంది లెక్చరరు.

సాయంత్రం పెద్దసారు ఆదరాబాదరాగా వచ్చాడు.

"ఒకావిడ వచ్చారా?"

"వచ్చారు సార్. చూపించాను."

"ఆపరేషన్ తర్వాతది కూడానా? నిక్షేపంగా కొట్టుకుంటుంది కదా అది!"

లెక్చరరు తల అడ్డంగా ఊపింది.

సారు కుర్చీలో కూలబడ్డాడు.

"ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఆవిడ ఆపరేషన్ వద్దనేసి వెళ్ళిపోయారట. ఎక్కడున్నారో తెలీదు, ఫోనూ ఎత్తడం లేదు."

"ఆవిడ... ఎవరు సార్?"

"పేరు బయటపెట్టకూడదని నీకు చెప్పలేదు. ఆపరేషన్‌కి సంతకం పెట్టేముందు తన గుండె బాగుపడటం ఒక్కసారి కళ్ళారా చూసుకుంటానన్నారమ్మా."