తొమ్మిది గీతలు

"ఇంకాస్త కిందికి, మేడమ్. పాత ఫోటోలో మూడో గీత ఆ మేకు కన్నానికి ఆనుకుని ఉంది," అన్నాడు రంగుల మేస్త్రి, ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని.

ఆమె వంటగది ద్వారబంధం ముందు మోకాళ్ల మీద కూర్చుని మూడో గీత గీసి, పక్కన 'నాలుగేళ్లు' అని రాసింది.

"కొస పైకి లేవాలి. ఈ గీతలన్నిటికీ చివర్న చిన్న తోకలాంటిది ఉంది."

కొస పైకి లేపింది.

గదులు సర్దడం ఆమె వృత్తి. దిండు మీద ముడత ఉన్నా ఊరుకోదు. పనివాళ్లు చాటుగా సర్దుడమ్మ అంటారు. మొన్న కర్టెన్ల గుడ్డ కోసం వెళ్తూ, "వంటగదిలో ఒక్క మరక కనిపించకూడదు" అని మేస్త్రికి గట్టిగా చెప్పింది. తిరిగొచ్చేసరికి ద్వారబంధం అద్దంలా మెరుస్తోంది. గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ కొట్టేశాడు. గీతల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఆమే.

అసలు ఈ ఇల్లు నిలబడిందే ఆ గీతల మీద. యజమాని ఈ పాత కాటేజీని కొన్నది పడగొట్టి నాలుగంతస్తులు లేపడానికి. కొలతలు తీయించడానికి వచ్చిన రోజు ఈ గుమ్మం దగ్గర ఆగిపోయాడట. పిల్లలు ఏటేటా ఎంత ఎదిగారో గుర్తు పెట్టుకున్న పెన్సిల్ గీతలు, మొత్తం తొమ్మిది. ఇద్దరు కూతుళ్ల తండ్రి, మనసు కరిగింది. పడగొట్టడం మానేసి బాగు చేయించాడు. సెలవులకి వచ్చే కుటుంబాలకి అద్దెకివ్వాలని ఆలోచన. ఆమెకి పని అప్పగిస్తూ ఒక్కటే చెప్పాడు: "ఏం మార్చినా సరే, ఆ గీతల జోలికి మాత్రం వెళ్లకండి."

నిన్న ఫోన్ చేసి, "గీతలు భద్రమే కదా?" అన్నాడు.

"భద్రమేనండి."

ఫోన్ పెట్టేయగానే వెళ్లి పెన్సిల్ కొనుక్కొచ్చింది.

"పేర్లు లేవు కాబట్టి బతికిపోయాం," అన్నాడు మేస్త్రి. "అన్నీ ఒకే చేతిరాత. ఇంటిల్లిపాదీ తలో గీత గీసి ఉంటే మీ పని అయిపోయేది."

"చాల్లే మేస్త్రీ. తొమ్మిదోది చూపించు."

"చెరిపిన చెయ్యి నాది, రాసే చెయ్యి మీది. బ్రహ్మ దగ్గర కూడా ఇలా ఇద్దరుంటారేమో!"

ఆమె తొమ్మిదో గీత గీసింది. అతనే వెళ్లి టీ డికాషన్‌లో గుడ్డ ముంచి తెచ్చి, గీతలు పాతబడినట్టు కనిపించేలా మెల్లగా అద్దాడు. మిగిలిన డికాషన్‌లో పాలు కలిపి ఆమె పక్కన పెట్టాడు.

"తాగండి. తప్పు ఇద్దరిదీ."

తప్పు అతనిది కాదని ఇద్దరికీ తెలుసు.

ఇల్లు అమ్మిన పెద్దాయన పదకొండింటికి రావాలి. ఆయన్ని గీతల పక్కన నిలబెట్టి, తన కూతుళ్లతో కలిపి ఫోటో తీయించాలని యజమాని ముచ్చట. పెద్దాయన పదిన్నరకే వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, పైగుండీ ఊడిపోయి ఉంది. కుట్టిపెట్టే మనిషి లేదు పాపం అనుకుందామె.

గదులు చూపించింది. ముందు గదిలో ఆయన భార్య కుట్టుమిషన్. పడకగదిలో ఆవిడ అల్లిన దుప్పటి. అన్నీ అటక మీద దొరికినవే. ఆయన దుప్పటి అంచు పట్టుకుని కాసేపు వదల్లేదు.

"మంచాన పడ్డాక కూడా మా ఆవిడకి ఒకటే బెంగ. మన తర్వాత ఈ ఇల్లు కూల్చేస్తారండీ అని. కూల్చనివ్వనని మాటిచ్చాను."

"నిలబెట్టుకున్నారుగా."

ఆయన దుప్పటి అంచు సర్ది పక్క గదిలోకి నడిచాడు.

పిల్లల గదిలో చెక్కగుర్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెవరిదమ్మా?"

"పాత సామాన్ల కొట్లో కొన్నానండి. అటకంతా వెతికాను. మీ పిల్లల బొమ్మ ఒక్కటీ దొరకలేదు."

ఆయన గుర్రాన్ని ఉన్నచోటే పెట్టి తల దించుకున్నాడు. దొంగ బొమ్మ పెట్టినందుకు నొచ్చుకున్నాడనుకుంది. ఇక వంటగదే మిగిలింది.

ద్వారబంధం దగ్గర ఆయన వంగి ఒక్కో గీతా చూశాడు. మూడో గీత మీద వేలు పెట్టాడు. వేలికి టీ రంగు అంటింది. ఆ వేలిని చూసుకున్నాడు.

"ఫోటో వద్దని చెప్పమ్మా," అన్నాడు చివరికి. "ఇక్కడ నిలబడడానికి నాకు మొహం లేదు."

"మొహం లేనిది నాకండీ!" అందామె. "మీ పిల్లల గుర్తులు చెరిపేశాను. ఇవి పొద్దున నేను గీసినవి. మేస్త్రి తప్పేం లేదు, నేనే సరిగ్గా చెప్పలేదు. యజమాని రాగానే చెప్పేస్తాను. మీరేమన్నా పడతాను."

ఆయన ఆమె మీద కోప్పడలేదు. చెవులు ఎర్రబడ్డాయి, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా.

"చెప్పకమ్మా."

"ఎలా దాచమంటారు? కన్నవాళ్లకి ఇవెంత..."

బయట కారు తలుపుల చప్పుడైంది. యజమాని చిన్నకూతురు పరుగెత్తుకొచ్చి ద్వారబంధానికి వీపు ఆనించి నిలబడింది.

"తాతగారూ, నేనెంతున్నాను?"

ఆయన ఆమె చేతిలోని పెన్సిల్ అందుకుని, పాప తలకి సమంగా గీత గీశాడు. కొస అలవాటుగా పైకి లేచింది.

"నాన్నా, నాదీ వేశారు!" అంటూ పాప బయటికి పరుగెత్తింది.

ఆమె ఆ కొసని చూసింది, పాత ఫోటోలోని గీతలకి ఉన్న తోకే. ఆయన పెన్సిల్ ఆమె చేతిలో పెట్టి, మేస్త్రికి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు.

"మాకు పిల్లలు లేరమ్మా."