గోడ వైపు మనిషి

ఆ ఆదివారం పొద్దున్న పళ్ళ డాక్టరు క్లబ్బు టెన్నిస్ కోర్టులో ఒక కుంటి మనిషి చేతిలో ఓడిపోయాడు.

ఓడిపోవడం ఆయనకు కొత్తేమీ కాదు. ఓడించిన తీరుకే ఒళ్ళు మండింది.

మోకాలికి పట్టీ కట్టుకున్న ఆ కొత్తాయన వెనక గీత దగ్గరే తిష్ఠ వేసి, ఎటు కొట్టినా బంతిని తిరిగి ఇవతలికి నెట్టేశాడు. రాకెట్టును రెండు చేతులతో పట్టడం, కొట్టినప్పుడల్లా బియ్యం బస్తా ఎత్తుతున్నట్టు మూలగడం, సర్వీసుకు ముందు చెమట లేకపోయినా మోచేత్తో నుదురు తుడుచుకోవడం.

అంతా అచ్చం గోడే.

టెన్నిస్ చూసేవాళ్ళలో అప్పట్లో రెండే జట్లు. ఒక జట్టుకు దేవుడు నెమలి. అతను ఒంటి చేత్తో రాకెట్టు తిప్పితే ఓడినవాడికి కూడా చూడముచ్చటగా ఉండేది. రెండో జట్టు దేవుడు గోడ. ఎంత గొప్ప బంతి వేసినా తిరిగి వచ్చేసేది, అంతే. ఆ పేర్లు ఆ ఇద్దరు ఆటగాళ్ళకూ అభిమానులు పెట్టుకున్నవి.

డాక్టరు నెమలి భక్తుడు. గోడ అభిమానులంటే ఆయనకు పురుగుల్ని చూసినట్టు ఉండేది. గోడది ఆట కాదని, కూలిపని అని, దాన్ని మెచ్చుకునేవాళ్ళకు కళ్ళున్నా లేనట్టేనని తన కుర్చీలో పడుకున్న రోగులందరికీ బోధించేవాడు. నోట్లో దూది కుక్కి ఉంటుంది కాబట్టి ఇంతవరకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆట చివర్లో ఒకే ఒక్కసారి, ఏదో పరధ్యానంలో, కొత్తాయన ఒంటి చేత్తో కొట్టాడు. బంతి గీతను రాసుకుంటూ వెళ్ళింది. డాక్టరు ఒక్క క్షణం నోరు తెరిచి, గాలికి పడిందిలే అని సరిపెట్టుకున్నాడు.

"ఎందుకండీ ఆ దరిద్రపు ఆట? మీకంటూ సొంత ఆట లేదా?"

కొత్తాయన కాస్త ఆలోచించాడు.

"ఉండేదండీ. మర్చిపోయాను."

డాక్టరు పెదవి విరిచాడు. పక్కనే ఉన్న బావమరిది కూడా విరిచాడు. అతను క్లబ్బుకు వచ్చేది ఆ పని మీదే.

మధ్యాహ్నం ఫైనల్. నెమలికీ గోడకీ. ఇంతవరకు ఏ ఫైనల్లోనూ నెమలి గోడను గెలవలేదు. గెలిచినా ఓడినా ఇదే తన ఆఖరి ఆట అని చెప్పేశాడు కూడా. క్లబ్బు టీవీ గది కిటకిటలాడిపోయింది.

ఆట మొదలయ్యాక కొత్తాయన గుమ్మంలో నిలబడ్డాడు. అక్కా వాళ్ళింట్లో టీవీ పిల్లలు వదలడం లేదని, ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగాడు. డాక్టరు తల తిప్పకుండానే వెనక బల్ల చూపించాడు.

అప్పటినుంచి డాక్టరుకు ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఆ బల్ల మీద. గది మొత్తం చప్పట్లు కొడుతుంటే ఆ మనిషి కొట్టడు. గోడ బంతి కొట్టినప్పుడల్లా మాత్రం అతని భుజం కూడా కదులుతోంది.

చివరి సెట్టులో నెమలి వెనకబడ్డాడు. డాక్టరుకు ఇక ఓపిక చచ్చిపోయింది.

"నీ పాదం మహిమేనయ్యా ఇదంతా. లే."

"నేనూ నెమలి వైపేనండీ."

గది గొల్లున నవ్వింది.

"మరి ఆ భుజం గోడతో పాటు ఎందుకు ఊగుతోంది?"

"అలవాటండీ" అన్నాడు కొత్తాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకాసేపే కదండీ ఉంది. ఇదొక్కటీ చూసి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ క్లబ్బు మొహం చూడను" అని బతిమాలాడు.

మోకాలు పట్టుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి ఎవరికైనా జాలి వేసేదే. కానీ డాక్టరుకు అక్కడ కనిపించింది మనిషి కాదు, శని. తనే లేచి తలుపు తీశాడు.

"బయట బోలెడన్ని గోడలున్నాయి. ఏదో ఒకదానికి దండం పెట్టుకో, పో."

కొత్తాయన టీవీ వైపే చూస్తూ గుమ్మం దాటాడు. బావమరిది గడియ వేశాడు.

ఆ తర్వాత నెమలి పుంజుకున్నాడు. గోడ ఎటు కొడతాడో ముందే తెలిసినట్టు అక్కడికి చేరుకుంటూ ఒక్కొక్క గేమూ లాక్కుని గెలిచేశాడు. గదిలో కుర్చీలు తిరగబడ్డాయి. డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ బావమరిదిని కావలించుకున్నాడు.

"చూశావురా? శనిగాణ్ణి గెంటేశాం, మనవాడు గెలిచాడు."

"నీ చలవే బావా" అన్నాడు బావమరిది.

టీవీలో నెమలి కప్పు అందుకున్నాడు. ఏం మాట్లాడతాడో వినాలని డాక్టరు అందరి నోళ్ళూ మూయించి టీవీ సౌండు పెంచాడు.

"ఈ కప్పు నా ఒక్కడిది కాదు" అన్నాడు నెమలి, పక్కన నిలబడ్డ గోడను చూపిస్తూ. "ఇతన్ని గెలవడం నాకు నేర్పాలని ఒక మనిషి ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే నా ఎదురుగా నిలబడి అచ్చం ఇతనిలాగే ఆడాడు. నిజానికి నాకంటే అందంగా ఆడేవాడు. నా కోసం తన సొంత ఆటే మర్చిపోయాడు. పోయిన నెల మోకాలు పాడై వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయాడు."

డాక్టరు చెయ్యి గడియ వైపు వెళ్ళి ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది.

టీవీలో నెమలి కెమెరా వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఏదో ఒక టీవీ ముందు కూర్చునే ఉంటాడు. ఈ మాట ఇంకెవరూ వినకపోయినా, అతను వింటే చాలు."