ఎవరి నెల వాళ్ళది

"అబద్ధం చెబితే నాకేం నష్టం లేదు, దీనికే." కుక్క కనురెప్ప పైకెత్తి చూస్తూ అన్నాడు డాక్టరు. "పిడుదుల బిళ్ళలు మూడూ వేశారా, లేదా?"

స్టీలు బల్ల మీద తాత వణికిపోతోంది. పిల్లగా వచ్చిన రోజే దాని గడ్డం తెల్లగా ఉందని ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరది. పొద్దున్నుంచీ కాళ్ళు తడబడుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది.

"ఎందుకు వెయ్యమండీ? వానలు పడగానే మీరు మెసేజ్ పెట్టారు, ఆ రోజే డబ్బా కొన్నాం. నెలకో బిళ్ళ. మొదటి నెల మా అమ్మ, రెండో నెల నేను, మూడో నెల ఈవిడ. ఎవరి నెల వాళ్ళదే." భర్త గడగడా అప్పజెప్పేశాడు. "నా నెల నేను వేశాను."

"నా నెల నేనూ వేశాను," అంది అత్తగారు.

ఇద్దరూ కోడలి వంక చూశారు.

"వేశానండీ," అంది కోడలు.

వెయ్యలేదు. రేపు రేపంటూ నెల దాటిపోయింది. అత్తగారు అడిగితే "ఎప్పుడో వేశానత్తయ్యా" అనేసింది. ఇప్పుడు లేదంటే ఇంకేమైనా ఉందా? పాలు పొంగినా, కుళాయి కట్టెయ్యడం మరిచినా ఈ బిళ్ళ సంగతే తవ్వుతారు.

డాక్టరు తల పంకించాడు. "మూడూ పడితే ఇది పిడుదుల జ్వరం కాదు. వయసైపోయిన ప్రాణి, మెదడులో ఏదో వచ్చి ఉండాలి. అదే అయితే నా చేతుల్లో పెద్దగా ఏం లేదమ్మా. బాధ తెలియకుండా మత్తిచ్చి పడుకోబెట్టడమే."

కోడలు పైటచెంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. తాత ఆమె చెయ్యి నాకబోయింది. మెడ నిలవక తల బల్ల మీద వాలిపోయింది.

"ఆగండి. నేను వెయ్యలేదు."

భర్త ఇంతెత్తున లేచాడు. "వెయ్యలేదా? మరి అమ్మతో వేశానన్నావు! ఇంట్లో నీకు చెప్పిందే ఒక్క పని..."

"మీరు వేశారా? తాత నెత్తిన చెయ్యి పెట్టి చెప్పండి."

భర్త చెయ్యి లేచింది కానీ కుక్క తల దాకా రాలేదు. గోడ మీద చలికాలం జాగ్రత్తల బోర్డు ఉంటే దాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. నాలుగు లైన్ల బోర్డు. ఎంతకీ అవడం లేదు.

"మర్చిపోయానండీ," అన్నాడు చివరికి, బోర్డుతోనే.

"భలే సంసారం!" డాక్టరు మొహం మాత్రం తేటపడింది. "సీజన్ మారినప్పుడల్లా వేళ్ళరిగేలా మెసేజ్‌లు పెట్టేది ఎవరికోసమనుకున్నారు? సరే, ఇప్పటికైనా చెప్పారు. మందు పడకపోతే ఇది పిడుదుల జ్వరమే. ఇంజెక్షన్ ఉంది. బాగా ఘాటైన మందు. ఒంట్లో మరో మందేదైనా ఉంటే గుండె తట్టుకోదు. రెండు నెలలుగా ఏమీ పడలేదంటున్నారు కాబట్టి ధైర్యంగా ఇస్తున్నాను."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. భర్త వంగి తాతని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. డాక్టరు మందు సూదిలోకి లాగి, వెంట్రుకలు పాయ తీసి, దూదితో తుడిచాడు.

అత్తగారు గబుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు నాయనా. మూడు బిళ్ళలూ అయ్యాయా అని నిన్న నీ మెసేజ్ వచ్చిందా... డబ్బా తీసి చూస్తే రెండు అలాగే ఉన్నాయి. నా కొడుకూ కోడలూ అబద్ధాలాడారని బయటపడకూడదని, రాత్రే రెండూ ఒకేసారి పాలల్లో నలిపి పెట్టేశాను."