పేర్చిన రాళ్ళు

"ఇక నా వల్ల కాదురా. దారి తప్పితే ఉన్నచోటే ఉండమన్నారు. ఉందాం" అంటూ బావ బండమీద చతికిలబడ్డాడు.

పొగమంచులో పదడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. బావ మోకాలు వాచిపోయింది, పెదాలు నీలంగా మారాయి. అడ్డదారులు కనిపెట్టడం బావమరుదులకి పుట్టుకతో వస్తుందేమో, ఈ కొండవాలులోకి దింపింది బావమరిదే. గంటలో చీకటి పడుతుంది. ఈలోగా కొండెక్కేవాళ్ళు తలదాచుకునే చెక్కగుడిసె చేరకపోతే, ఈ చలికి బావ తెల్లవారేదాకా ఉండడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనడం లేదు.

"లేవండి బావా. అక్కకి నేనేం చెప్పుకోను?"

"కొత్తగా చెప్పేదేముంది? నిన్ను నమ్ముకుని బయల్దేరొద్దని అది ముందే మొత్తుకుంది."

నవ్వబోయి దగ్గాడు బావ. అప్పుడే పక్కన, ఒకదానిమీద ఒకటి పేర్చిన రాళ్ళు బావమరిది కంటబడ్డాయి. నడుమెత్తున ఉన్నాయి. గుడిసెదాకా దారి పొడుగునా రాళ్ళు పేర్చి ఉంటాయని, వాటినే పట్టుకుని పొమ్మని పొద్దున ఈ కొండల పార్కు గేటు దగ్గర పనిచేసే ఆవిడ మరీ మరీ చెప్పింది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"దారి దొరికింది బావా."

"ఇది మనం పొద్దున నడిచిన దారిలా లేదే."

"మనం దారిలో నడిస్తే కదా పోల్చుకోడానికి?"

బావకి వాదించే ఓపిక లేదు. బావమరిది ఆయన్ని భుజానికి ఆనించుకుని నడిపించాడు. కాస్త దూరంలో ఇంకో గుర్తు, మోకాలెత్తున. అది దాటాక మరొకటి, జానెడు.

"చిన్నవైపోతున్నాయేంట్రా?"

"గుడిసె దగ్గరపడింది కదా. గుమ్మం ముందు కూడా బోర్డులు పెడతారా ఎవరైనా?"

బావ తలూపాడు. "ఎవరు పేర్చారో గానీ, వాడి కడుపు చల్లగా ఉండ."

తర్వాతి గుర్తులో మూడే రాళ్ళు. ఆ తర్వాతదాంట్లో రెండే. దాని అవతల, కొండరాతికి వీపు ఆనించి ఎవరో కూర్చుని ఉన్నారు. బావమరిదికి ఏడుపొచ్చినంత పనైంది.

"మనిషి బావా! గుడిసె వాళ్ళే అయ్యుంటారు, మీరిక్కడే ఉండండి" అని పరుగెత్తాడు. "అయ్యా, గుడిసె ఇంకెంత దూరం?"

ఆ మనిషి పలకలేదు. భుజం పట్టుకుని కుదిపాడు. ఒళ్ళంతా బిర్రబిగుసుకుపోయి ఉంది.

ఎన్నాళ్ళ కిందట దారి తప్పాడో గానీ, తిరిగిన చోటికే మళ్ళీ తిరిగి రాకుండా గుర్తుకోసం పేర్చుకుంటూ వచ్చిన రాళ్ళలో చివరిది ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది.