ఎక్కని కొండ

"మీరు ఆ కొండ ఎక్కడానికి వీల్లేదంతే!" అంది కామేశ్వరి, చంకలో జారిపోతున్న పాపని పైకి ఎగదోసుకుంటూ.

మురళీకృష్ణ తలెత్తలేదు. వసారాలో చాప మీద మ్యాపు పరిచాడు. ఫ్యాను గాలికి లేచిపోకుండా దాని నాలుగు మూలలా నాలుగు చిన్నరసం మామిడిపళ్లు పెట్టాడు. ఎర్ర పెన్సిలుతో దారి గీస్తున్నాడు.

"ఎవరెస్టు కాదే బాబూ! మనాలి పైన ఎక్కడో ఉంది. హిమాలయాల్లో దాని పేరు తెలిసినవాళ్లే తక్కువ. బెజవాడ క్లబ్బు వాళ్లందరం కలిసి వెళ్తున్నాం. ముందు గైడు నడుస్తాడు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. అతని తాడే మా అందరి నడుములకీ కడతాడు."

"ఇంకేం, ఒకళ్లు జారితే అందరూ కలిసే పోతారు."

"నీ నోట మంచిమాట రాదా? దారిలో రెండు చోట్ల గుడారాలేసుకుని ఆగుతాం. అక్కడి గాలి ఒంటికి పట్టాకే పైకి తీసుకెళ్తాడు. అదీ మన తోటల్లో కోతలైపోయి, ఆఖరి లారీ వెళ్లాకే. వ్యాపారానికేం లోటు రాదు."

"వ్యాపారం సంగతి ఎవరడిగారు? దసరాకి ఏమైంది? ప్రాక్టీసని కొండపల్లి కొండ ఎక్కడానికి వెళ్లి, కుంటుకుంటూ వచ్చి మంచం ఎక్కారు. తైలం రాస్తానంటే దగ్గరికే రానివ్వలేదు. మనూరి పక్క కొండకే అలా అయితే, ఆ మంచుకొండ మీద మిమ్మల్ని ఎవరు మోసుకొస్తారు?"

పెన్సిలు ఆగింది.

"అది వేరు" అన్నాడు మురళీకృష్ణ.

"ఏంటి వేరు?"

"ఏదోలే. వదిలెయ్."

ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించేశారు కామేశ్వరిని. మ్యాపులు చదవడం ఆమెకి రాదు. ఆ కొండ చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా ఉన్న గీతలు, నీళ్లలో రాయి పడితే లేచే అలల్లా కనిపించాయి. ఆ నీళ్లలో పడింది రాయి కాదు, తన మొగుడే అనిపించింది. పాపని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అప్పుడే తోటలో పనిచేసే సాంబయ్య మామిడిపళ్ల బుట్టతో మెట్లెక్కి వచ్చాడు.

"ఆ ఎండిపోయిన చెట్టు కొట్టేశావా సాంబయ్యా?" అడిగాడు మురళీకృష్ణ.

"ఇంకెవరికన్నా చెప్పండి బాబూ. మా ఇంటిది కడుపుతో ఉందండి. నేను చెట్టు మీద గొడ్డలి పెట్టకూడదు."

గుమ్మంలో కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తున్న అన్నపూర్ణమ్మ కొడుకు వైపు చూసింది. "నిజమేరా. కడుపుతో ఉన్నదాని మొగుడు చెట్టు కొట్టకూడదు, కొండ ఎక్కకూడదు. బిడ్డకి అరిష్టం. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు మీ నాన్న సింహాచలం దాకా వెళ్లి కూడా, కొండ కింద నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేశారు."

కామేశ్వరికి ఉపాయం తట్టింది. తర్వాత కడుపు నిలవలేదని చెప్పొచ్చు. ఆడవాళ్ల సంగతి, ఎవరు గుచ్చి గుచ్చి అడుగుతారు? ముందు మనిషంటూ మిగలాలి.

"అయితే ఈయన కూడా ఎక్కకూడదు అత్తయ్యా" అంది.

ముక్క తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. "ఏంటమ్మాయ్, ఏంటన్నావ్?"

"నాకూ... మూడో నెల."

"నా తల్లే!" అన్నపూర్ణమ్మ ఒళ్లోని గుడ్డ కిందపడేసి లేచింది. "ఇంతకాలం నోరు మెదపవేమే! ఈసారి మగపిల్లాడే, రాసిపెట్టుకోండి. సాంబయ్యా, నాలుగు పళ్లు తీసుకెళ్లి మీ ఆడదానికివ్వు. ఒరేయ్, ముందా మ్యాపు తియ్! కొండా లేదు గిండా లేదు. అమ్మవారికి దీపం పెట్టొస్తాను, ఉండండి."

ఆవిడ దేవుడి గదిలోకి పరిగెత్తింది. సాంబయ్య నవ్వుకుంటూ పళ్లు కండువాలో మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

మొగుడు అరుస్తాడనుకుంది కామేశ్వరి. అరవలేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నరసాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. బరువు పోగానే మ్యాపు తనంతట తనే చుట్టుకుపోయింది.

"వెళ్లన్లే" అన్నాడు.

కామేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. "కోపం వచ్చిందా?"

"నిజమేనా కామేశ్వరీ? మళ్లీ అడుగుతున్నాను. నిజం చెప్పు."

"ఇలాంటివి కూడా అబద్ధాలాడతారా ఎవరైనా?" ఒట్టు పెట్టడానికి ఆమె చెయ్యి పాప తల మీదికి వెళ్లింది. అక్కడ ఆనకముందే వెనక్కి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. సరేనా?"

అతను దేవుడి గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"పాప కాన్పప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఇంకో కాన్పు వస్తే నువ్వు దక్కవంది. అమ్మకి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. నీకు చెబితే బెంగతోనే సగమైపోతావు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ?" అంది కామేశ్వరి నవ్వబోతూ.

లోపల గంట మోగింది. చంకలో పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలెట్టింది.

"దసరాకి నేను ఏ కొండా ఎక్కలేదు" అన్నాడు మురళీకృష్ణ. "బెజవాడ ఆసుపత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకొచ్చాను."