నలగని దోమతెర

"ఈ మడత ఎవడు విప్పాడ్రా?"

హవల్దారు కేకకు బ్యారక్ రేకులు అదిరాయి. వరసగా ఉన్న మంచాల మీద, మంచానికొకటి చొప్పున, దోమతెరలు ఇటుకల్లా మడిచి ఉన్నాయి. చివరి మంచం మీది తెర మాత్రం విప్పి ఉంది. దాన్ని మెడదాకా కప్పుకుని ఒక సిపాయి జ్వరంతో వణుకుతున్నాడు. అతను హవల్దారుకు స్వయానా బామ్మర్ది.

"నేనే బావా. చలేస్తే కప్పుకున్నా."

"బావేంట్రా, బావ! మీ అక్క దగ్గర బావని. ఇక్కడ హవల్దార్ని. రేపు తనిఖీకి జనరల్ గారొస్తుంటే మడత చెడగొడతావా?"

రోగిని చూడటానికి వచ్చిన పటాలం డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈ మండుటెండల దేశంలో దిగిన రోజే మనిషికో దోమతెర ఇప్పించింది ఆయనే. అయినా మలేరియా ఒక్క మంచాన్నీ వదలకుండా ఎందుకు తిరుగుతోందో ఆయన చదివిన చదువుకు అందలేదు. ఇప్పుడు అందింది.

"అంటే, రాత్రిళ్లు వీటిని కట్టుకోరా?"

"కడితే మళ్లీ ఈ మడత వస్తుందా సార్? అంచుకు అంచు కలపాలంటే తాతలు దిగొస్తారు," అన్నాడు హవల్దారు మీసం సవరించుకుంటూ. "పటాలం మొత్తంలో మన తెరలే కొత్తగా ఉన్నాయి, చూస్కోండి."

"తెరలు కొత్తగానే ఉన్నాయి. మనుషులే పాతబడిపోయారు." డాక్టరు మంచం దగ్గరికొచ్చి సిపాయి కనురెప్ప కిందికి లాగి చూశాడు. "వీడి ఒంట్లో రక్తం లేదు. మళ్లీ జ్వరం తిరగబెట్టిందంటే నా చేతుల్లో ఉండదు. మీ ఆవిడకేం చెప్పుకుంటావ్? తమ్ముడు పోయాడు గానీ మడత బాగుందనా?"

హవల్దారు మీసం మీంచి చెయ్యి తీశాడు. జనరల్ మీద ఉన్నది భక్తి. పెళ్లాం మీద ఉన్నది భయం.

"ఏం చెయ్యమంటారు సార్?"

"పొద్దు గుంకకముందే తెరలన్నీ కట్టించు. అంచులు పరుపు కిందికి దోపించు. దోమ దూరే సందు ఉండకూడదు."

హవల్దారు బూటు నేలకేసి కొట్టాడు. ఆజ్ఞ అంటే ఆజ్ఞ. సాయంత్రానికల్లా తెరలన్నీ లేచాయి. తాడు పట్టి మూలలు సరిచూశాడు. బామ్మర్ది మంచానికి తానే స్వయంగా కట్టాడు. హవల్దారుకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకుని డాక్టరు నిశ్చింతగా పోయి పడుకున్నాడు.

తెల్లారీ తెల్లారకముందే జనరల్ దిగాడు. డాక్టరు ముచ్చటపడి ఆయన్ను నేరుగా బ్యారక్‌లోకే తీసుకెళ్లాడు. తెరలు అద్దాల పెట్టెల్లా నిలబడి ఉన్నాయి. వెతికినా ముడత లేదు.

"శభాష్! క్రమశిక్షణంటే ఇదీ!" అన్నాడు జనరల్. వంగి ఒక తెరలోకి చూశాడు. పక్కదాంట్లోకీ చూశాడు. "మరి మనుషులేరయ్యా?"

వెనక వసారాలోంచి టపటపా చప్పట్లు వినిపించాయి. తనకేననుకుని జనరల్ చెయ్యి ఊపాడు.

డాక్టరు వసారాలోకి పరుగెత్తాడు. కటిక నేల మీద బ్యారక్ బ్యారకంతా పడుకుని, ఒంటి మీద దోమల్ని కొట్టుకుంటోంది. నడుమ హవల్దారు కూర్చుని, బామ్మర్దికి అట్టముక్కతో విసురుతున్నాడు.

"మెల్లగా సార్, ఇప్పుడే కునుకు పట్టింది," అన్నాడు హవల్దారు నోటి మీద వేలేసుకుని. "లోపల పడుకుంటే తెరలు నలగవూ!"