గ్యాస్‌నూనె సేటు

ఏలియా పెట్రోలు చుక్కను తెల్ల కాయితం మీద వేసి ఎండకు పట్టాడు. పంపు దగ్గర నిలబడ్డ స్కూటర్ల వాళ్ళు మెడలు సాచి చూశారు. చుక్క ఆరిపోయింది. మరక మిగల్లేదు.

“ఇయ్యాల ఏం కలపలేదా సేటూ? భయం మంచిగనే పట్టుకున్నది నీకు,” అన్నాడు ఏలియా, అందరికీ వినబడేలా.

ఎవరో కిసుక్కున నవ్వారు. పంపు యజమాని రాజేశ్వర్ రావు తల ఎత్తలేదు.

“ఏం కలపలే ఏలియన్నా. డబ్బా నింపుకో.”

1984 నాటికి హన్మకొండలో ఆ పంపు ముందు ఇది నెలనెలా జరిగే తంతు. చూసేవాళ్ళకు ఖర్చు లేని వినోదం. ఏలియాది గోదావరి ఒడ్డున ఒక ఊరు. మిషన్ వాళ్ళు ఆ ఊరికి ఇచ్చిన మోటారు పడవను నడిపేది అతనే. వానాకాలం వచ్చిందంటే అవతలి గట్టు మీది దవాఖానకు ఆ పడవ తప్ప దిక్కులేదు. దానికి కల్తీ లేని పెట్రోలు కావాలి. అందుకే డబ్బా చూసిన కండక్టరు చేత తిట్లు తింటూ నాలుగు గంటలు బస్సులో వస్తాడు. ఒక్కో పంపు దగ్గరా దిగి కాయితం మీద చుక్క వేసి చూస్తాడు. చాలా చోట్ల జిడ్డు మరక మిగులుతుంది. చివరికి మరక మిగలనిది ఈ పంపు దగ్గరే. అదే అతని కడుపుమంట. తన బిడ్డను పొట్టనపెట్టుకున్న పంపు ఇదే మరి.

ఆరేళ్ళ కిందటి మాట. కూతురు హన్నా తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒక రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని మొగిలమ్మ చేతులెత్తేసింది. ఏలియా పరుగున రేవుకు పోయాడు. ముందురోజు ఇక్కడినుంచే తెచ్చిన డబ్బా మూత విప్పి, మోటారులో పోసి, తాడు లాగాడు. పడవ కదిలింది.

నడి గోదావరిలో మోటారు కీచుమని అరిచి బిగుసుకుపోయింది. వరద పడవను కిందికి ఈడ్చుకుపోయింది. ఏలియా అరచేతులు చిట్లేదాకా తెడ్డు వేశాడు. అతని భార్య రాహేలు కూతురి తలను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. పడవ ఒడ్డుకు తగిలేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే హన్నా పోయింది. కడుపులోని పసిగుడ్డూ పోయింది.

సమాధి చేసిన మూడోరోజు ఏలియా ఆ మోటారును గోనెసంచిలో చుట్టి తెచ్చి ఈ పంపు ముందు పడేశాడు.

“పెట్రోల్ల గ్యాస్‌నూనె కలిపి నా బిడ్డను సంపిండు!” అని రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. కిరోసిన్‌ను ఇక్కడ గ్యాస్‌నూనె అంటారు. ఆ పూటతో రాజేశ్వర్ రావు పేరు ‘గ్యాస్‌నూనె సేటు’ అయిపోయింది.

మొదట అతను ఒప్పుకోలేదు. నా పిల్లల మీద ఒట్టు, నేను కలపలే అన్నాడు. ఆ ఒట్టు ఒక్కరోజు కూడా నిలవలేదు. మర్నాడు పదిమంది ముందు ఏలియాకు చేతులు జోడించి, “కలిపిన. తప్పయింది,” అన్నాడు. మోటారును తన ఖర్చుతో బాగు చేయించి ఇచ్చాడు. అధికారులు వచ్చి శాంపిళ్ళు పట్టుకుపోయారు గానీ ఏ కల్తీ తేలలేదు. ఎంత మేపాడో అనుకున్నారు జనం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని ఇప్పటికీ వెక్కిరిస్తారు. బేరాలు సగానికి పడిపోయాయి. సేటు భార్య అనసూయ పేరంటాలకు వెళ్ళడం మానుకుంది.

ఈసారి ఏలియాతో రాహేలు కూడా వచ్చింది. ఏలియా డబ్బాకు గుడ్డ చుట్టి బస్సు చూడడానికి పోగానే, ఆమె సేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

“మనసుల పెట్టుకోకుండ్రి సేటూ. బిడ్డ పోయిన కాన్నుంచి ఆయనకు తిండి లేదు, నిద్ర లేదు. మిమ్ముల తిట్టి వచ్చిన్నాడే జర కడుపునిండ తింటడు.”

రాజేశ్వర్ రావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“తిట్టనియ్యమ్మా. ప్రతి నెల రమ్మను. నేను ఏమనుకోను.”

బస్సు వచ్చింది. ఏలియా ఎక్కే ముందు మరోసారి వెనక్కి తిరిగి, “నీ పాపం నీ పిల్లలకు తగలకుండ చూస్కో సేటూ!” అని కేకేశాడు. సేటు బుద్ధిగా తల ఊపాడు.

అన్నం క్యారియరు తెచ్చిన అనసూయ పంపు గదిలోంచి అంతా విన్నది. ఇన్నేళ్ళుగా అణచుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

“నా పిల్లలను సుత శపిస్తాండు. ఇంకెన్ని రోజులు పడతరు ఈ మాటలు?”

“ఆయన తిట్టినన్ని రోజులు.”

“అసలు ఎందుకు కలిపిండ్రు? మనకేం తక్కువైందని కలిపిండ్రు?”

రాజేశ్వర్ రావు గదిలోకి వచ్చాడు. చేతులు కడుక్కుని క్యారియరు మూత తీశాడు.

ఏలియా మోటారును విప్పి చూసిన మెకానిక్ సత్యనారాయణ ఆరేళ్ళ కింద, ఆ ఒట్టు వేసిన రాత్రి, ఇదే గదిలో సేటు చెవిలో చెప్పింది ఒకటే మాట: “దీని ట్యాంకుల ఉన్నది అసలు పెట్రోలే సేటూ, గాని పడవ మోటారుకు పోసేటోడే ఇంజనాయిలు కలిపి పొయ్యాలె, లేకుంటె బిగుసుకపోతది, గా తొందర్ల ఏలియా కలుపుడు మరిచిండు.”